ట్రిగ్గర్ నుంచి బుర్రవీణ దాకా: నల్గొండ, పాలమూరు దారిలో పేరున్న వాద్యాలు

శనివారం – నల్గొండ

ఏప్రిల్‌లో గిటార్లు వేసుకొని ఈ వైపు వచ్చేవాళ్ళు ముందుగా చూసుకోవాల్సింది ఎండను. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దాకా వచ్చి కుడికి తిరిగితే నల్గొండ. అంతా కలిపి వంద కిలోమీటర్లు. దూరం తక్కువే. కానీ బయట 42 డిగ్రీలుంటే, అద్దాలు మూసి ఎండలో ఆపిన కారు లోపల వేడి 60 డిగ్రీలకు చేరడానికి ఎక్కువసేపు పట్టదు. గిటారు పైచెక్కకు బ్రిడ్జిని (తంతుల కింది కొసలు కట్టే చెక్కను) అంటించిన గమ్ము మెత్తబడేది కూడా ఇంచుమించు ఆ వేడికే. అందుకే గిటార్లను డిక్కీలో పెట్టకుండా ఏసీ తగిలేట్టు వెనక సీట్లో పెట్టాం. చాయ్‌కి ఆగినచోటల్లా కేసులు దింపి నీడకు చేర్చాం. తంతులను ఒక స్వరం కిందికి దించితే చాలు, పూర్తిగా వదులు చేయకూడదు. నెక్ (గిటారు మెడ) లోపల ఉండే ఇనుప కడ్డీ ఎప్పుడూ వెనక్కే లాగుతుంటుంది. ఎదురు లాగే తంతులు లేకపోతే నెక్ వెనక్కి వంగిపోతుంది.

ఈ ప్రయాణంలో పెట్టుకున్న పనులు రెండు. పగలు ఊళ్ళో వాయించే పిల్లల గిటార్లు చూసి సరిచేయడం, సాయంత్రం ప్రపంచంలో పేరుపడ్డ ఒక్కో గిటారు గురించి చెప్పడం. పాలమూరులో పేరుపడ్డ కిన్నెర, బుర్రవీణ అనే రెండు వాద్యాల ఊళ్ళు కూడా ఈ దారిలోనే ఉన్నాయి.

నల్గొండలో గిటార్లు ఎక్కువగా చర్చి క్వయర్ల (పాటల బృందాల) దగ్గర కనిపిస్తాయి. వచ్చినవాటిలో చాలావాటికి ఒకటే జబ్బు, బ్రిడ్జి వెనక అంచు పైకి లేచింది.

"అన్నా, సూపర్ గ్లూ పోస్తే ఆగదా?"

"ఆగదు తమ్మీ. ముందు ఏం తంతులు కట్టినవో చూడు."

అది నైలాన్ తంతుల కోసం చేసిన క్లాసికల్ గిటారు. శబ్దం పెద్దగా రావాలని దానికి ఇనుప తంతులు కట్టారు. మామూలు లైట్ సెట్టు ఇనుప తంతులు ఆరూ కలిసి లాగే బలం దాదాపు 73 కిలోలు. నైలాన్ తంతులైతే సుమారు 40 కిలోలే. ఆ 40 కిలోలకు లెక్కకట్టి చేసిన పలుచని చెక్క మీద ఇంకో ముప్పై కిలోలు వేస్తే బ్రిడ్జి లేవక ఏంచేస్తుంది? సూపర్ గ్లూ సందులోకి పూర్తిగా దిగదు. దిగినంత మేర గాజులా గట్టిపడి, మళ్ళీ ఊడేటప్పుడు పైచెక్క పీచును కూడా లాక్కొని వస్తుంది.

పద్ధతిగా చేస్తే ఇలా. తంతులన్నీ తీసేయాలి. పలుచని స్టీలు పట్టీని వేడి నీళ్ళలో ముంచి, తుడిచి, లేచిన వైపు నుంచి మెల్లగా దూర్చుతూ బ్రిడ్జిని పూర్తిగా ఊడదీయాలి. సగం అంటుకొని ఉండగానే మిగతా సగానికి గమ్ము పెడితే పాత గమ్ము అడ్డం వచ్చి అతుకు కుదరదు. రెండు ముఖాల మీదా పాత గమ్మును గోకి, పచ్చి చెక్క కనబడేదాకా శుభ్రం చేయాలి. గమ్ము పూయకముందే ఒకసారి బ్రిడ్జిని పెట్టి వెలుతురుకు చూడాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే బ్రిడ్జి అడుగును పైచెక్క వంపుకు సరిపోయేలా రుద్దాలి. వడ్రంగులు వాడే మంచి వుడ్ గ్లూ పలుచగా ఒక పొర పూసి, సౌండ్‌హోల్ (పైచెక్క మధ్య ఉండే రంధ్రం) లోంచి మూడు సి-క్లాంపులు బిగించి, కింద చెక్కముక్క ఆనించాలి. ఒక రోజు మొత్తం కదపకూడదు. ఆ తర్వాత నైలాన్ తంతులే కట్టాలి.

నైలాన్ గిటారు ఎంత కాలం నిలుస్తుందో చెప్పాలంటే అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ గిటారు ట్రిగ్గర్‌ను మించిన ఉదాహరణ లేదు. 1969లో టెక్సాస్‌లో ఒక కచేరీ దగ్గర ఆయన బాల్డ్విన్ గిటారును తాగి ఉన్న మనిషొకడు తొక్కేశాడు. బాగుచేయమని నాష్‌విల్‌లో షాట్ జాక్సన్ దగ్గరికి పంపితే, ఇది ఇక పనికిరాదు, నా దగ్గర మార్టిన్ కంపెనీ ఎన్-20 గిటారు ఉంది అన్నాడాయన. నెల్సన్ చూడకుండానే 750 డాలర్లకు కొన్నాడు. పాత బాల్డ్విన్‌లోని పికప్‌ను (తంతి కదలికను కరెంటుగా మార్చే భాగాన్ని) తీసి కొత్తదానికి బిగించారు. సినిమా హీరో రాయ్ రోజర్స్ గుర్రం పేరే ఆ గిటారుకు పెట్టుకున్నాడు.

క్లాసికల్ గిటారును వేళ్ళతో మీటుతారు కాబట్టి దానికి పైచెక్క గీసుకుపోకుండా అడ్డుండే పిక్‌గార్డ్ ఉండదు. నెల్సన్ మాత్రం పిక్ అనే చిన్న బిళ్ళతోనే వాయిస్తాడు. ఏళ్ళ తరబడి పిక్ రాసుకొని రాసుకొని పైచెక్క అరిగి సౌండ్‌హోల్ పక్కన ఇంకో రంధ్రమే పడింది. ఆస్టిన్‌లో మార్క్ ఎర్లెవైన్ 1977 నుంచి దాన్ని చూసుకుంటున్నాడు. ఆయన ఆ రంధ్రాన్ని పూడ్చలేదు. లోపలి ఆనుకర్రలను బలపరిచి, అరిగిన అంచులు ఇంకా చీలకుండా లాకర్ (వార్నిష్ లాంటి పూత) పూస్తూ వచ్చాడు. కొత్త చెక్క అతికిస్తే చూడ్డానికి బాగుండేదేమో కానీ పైచెక్క కదలిక మారిపోయి శబ్దం మారేది. మరమ్మతులో దేన్ని ముట్టుకోకూడదో తెలియడం అన్నిటికన్నా పెద్ద విద్య అని మా నమ్మకం.

సాయంత్రం ప్రాక్టీసులో ఇంకో సమస్య. లోపల బోలుగా ఉన్న గిటారు స్పీకరు ముందు పెట్టగానే ఊళ పెట్టింది. అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్‌కూ ఇదే బాధ ఉండేది. ఆయన పైచెక్కలోని ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో గుడ్డలు కుక్కి వాయించేవాడు. 1980లో గిబ్సన్ కంపెనీ ఆయన పేరున తెచ్చిన లూసిల్ మోడల్‌కు ఆ రంధ్రాలే లేకుండా చేసింది. ఆ పేరు మాత్రం అంతకుముందుది. 1949 చలికాలంలో ఆర్కాన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్ళో నాట్యశాల మధ్య వెచ్చదనానికి పెట్టిన కిరోసిన్ డబ్బాను ఇద్దరు కొట్లాడుకుంటూ తన్నేశారు. మంటల్లోంచి బయటపడ్డ కింగ్ తన 30 డాలర్ల గిటారు కోసం మళ్ళీ లోపలికి పరుగెత్తాడు. కొట్లాట లూసిల్ అనే ఆవిడ గురించని తెలిశాక, మళ్ళీ అలాంటి తెలివితక్కువ పని చేయకూడదని గుర్తుండేలా గిటారుకు ఆ పేరు పెట్టాడు. క్వయర్ పిల్లలకు మేం చెప్పిన ఉపాయం కూడా దాదాపు గుడ్డలు కుక్కడమే. సౌండ్‌హోల్‌కు రబ్బరు మూత పెట్టాలి, మానిటర్ బాక్సును పక్కకు తిప్పాలి, మిక్సర్‌లో బేస్ కొంచెం తగ్గించాలి.

హాలులో వైరింగ్ చూడకుండా మాత్రం ఆంప్లిఫయర్‌ను ప్లగ్గులో పెట్టొద్దు. మల్టీమీటరుతో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఫేజు–ఎర్త్ మధ్య సరిగ్గా రాకపోతే ఆ సాకెట్లో ఎర్త్ లేనట్టే. చేతులు గిటారు తంతుల మీద, మూతి మైకు మీద ఉన్నప్పుడు కొట్టే షాక్ ప్రాణం తీయగలదు.

ఆదివారం – దేవరకొండ, డిండి, అచ్చంపేట

పొద్దున్నే బయల్దేరి దేవరకొండ కోటను దూరం నుంచే చూసి, డిండి దగ్గర శ్రీశైలం రోడ్డెక్కి, హాజీపూర్ దగ్గర అచ్చంపేట వైపు తిరిగాం. ఇక్కడి నుంచి నల్లమల మొదలు. కర్ర గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

నల్లమలలో పెరిగే జిట్రేగినే ప్రపంచమంతా గిటార్ల దుకాణాల్లో ఇండియన్ రోజ్‌వుడ్ అంటారు. ట్రిగ్గర్ పక్కలు, వీపు బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసినవి. ఆ చెక్క దొరకడం కష్టమవడంతో 1969–70 ప్రాంతంలో మార్టిన్ కంపెనీ మన జిట్రేగికి మారింది. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని అంతర్జాతీయ ఒప్పందం కింద దాదాపు నిలిపేశారు. 2017 నుంచి జిట్రేగి జాతి మొత్తం మీద అదుపు వచ్చింది. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. అడవి పక్కనే ఉన్నామని ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గర చెక్క తీసుకోకూడదు. లైసెన్సున్న కోత మిల్లులో బిల్లుతో సహా కొనాలి.

దానికన్నా మంచిది పాత ఇళ్ళ కర్ర. ఈ మాట వినగానే వడ్రంగి దుకాణంలో పని ఆగి అందరూ చుట్టూ చేరారు. ఇంగ్లండ్ గిటారిస్టు బ్రయాన్ మే గిటారు రెడ్ స్పెషల్ కథ అక్కడ చెప్పడానికే దాచుకున్నాం.

కుర్రవాడికి గిటారు కొనే స్తోమత లేక, 1963లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే చేయడం మొదలుపెట్టాడు. పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది. ఖర్చు ఎనిమిది పౌండ్ల దగ్గర. నెక్‌కు నూరేళ్ళు దాటిన ఒక చలిమంట గూడు పైదూలం. అది పురుగు తిన్న మహాగని కాబట్టి రంధ్రాల్లో అగ్గిపుల్లలు దిగ్గొట్టి పూడ్చారు. ఒంటికి పాత బల్లలోని ఓక్ చెక్క. ట్రెమొలో (తంతుల శ్రుతిని ఊపే మీట) స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటారు సైకిల్ ఇంజిను వాల్వులవి. ట్రెమొలో కడ్డీ కొసన అమ్మ అల్లిక సూది మొన, మెట్ల (వేలితో తంతిని నొక్కేచోట నెక్ మీద ఉండే అడ్డ కడ్డీల) గుర్తులకు ఆమె కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. కొన్న పెద్ద వస్తువు బర్న్స్ కంపెనీ పికప్‌లే. అవి కూతపెడుతుంటే లోపల ఆరల్డైట్ గమ్ము నింపి తీగచుట్లు కదలకుండా చేశారు. ఆ గిటారుతోనే క్వీన్ అనే రాక్ బృందంలో దశాబ్దాలు వాయించాడు.

అచ్చంపేటలో కూలగొట్టిన ఇళ్ళ టేకు దూలాలు, దర్వాజాలు దొరుకుతాయి. నెక్‌కు ఎంచుకునేటప్పుడు ముందు అయస్కాంతం పెట్టి మేకులు వెతకాలి. లోపల మిగిలిన ఒక్క మేకు చిత్రిక అలుగును పాడుచేస్తుంది. కొస వైపు చూస్తే వయసు గీతలు నిలువుగా నిలబడి కనిపించాలి. గీతలు అడ్డంగా పడుకున్న పలక ఎండకూ వానకూ తిరుక్కుంటుంది. వేపకర్రకు పీచు ఒకదానికొకటి ఎదురుగా అల్లుకొని ఉంటుంది కాబట్టి చిత్రిక పడితే పెళ్ళలు లేస్తాయి, నెక్‌కు వద్దు. కావాల్సిన కొలత కంటే ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి ముతకగా కోసి, రెండు వారాలు నీడలో ఆరనిచ్చి, వంగిందేమో చూసి అప్పుడు తుది కొలతకు తేవాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. గమ్ము పెట్టే ముందు ఎసిటోన్‌తో తుడవకపోతే అతుకు పట్టదు.

మెట్ల లెక్క వడ్రంగులకు బాగా నచ్చింది. నట్ (తంతులు పైన ఆనే పట్టీ) నుంచి సాడిల్ (కింద బ్రిడ్జి మీద ఆనే పట్టీ) దాకా ఉన్న పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. 648 మిల్లీమీటర్ల గిటారుకు మొదటి మెట్టు 36.37 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో 324 దగ్గర పడుతుంది. లెక్క ఒకదాని నుంచి ఒకటి వచ్చినా గీత మాత్రం ప్రతిసారీ నట్ నుంచే కొలిచి గీయాలి. మెట్టు నుంచి మెట్టుకు కొలిస్తే పావు మిల్లీమీటరు తప్పు పోగవుతూ పోయి, పన్నెండో మెట్టుకు వచ్చేసరికి అపస్వరం వినబడుతుంది.

సోమవారం – లింగాల, అవుసలికుంట

అచ్చంపేట నుంచి లింగాల మండలం అవుసలికుంట. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యది ఈ ఊరే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడుతూ ఆ కిన్నెర మోగితే వినేవాళ్ళు కదలరు.

కిన్నెరను దగ్గరగా చూస్తే గిటారు తెలిసినవాళ్ళకు చాలా సంగతులు అర్థమవుతాయి. నిలువునా వెదురు బొంగు, దానికి కింద ఎండిన సొరకాయ బుర్రలు. గిటారులో పైచెక్క చేసే పనిని, అంటే తంతి కదలికను గాలికి అందించే పనిని, ఇక్కడ బొంగూ బుర్రలూ కలిసి చేస్తాయి. బుర్రకు పగులు వస్తే శబ్దం చప్పబడుతుంది. అందుకే కిన్నెరను నేల మీద వాల్చేటప్పుడు బుర్రల కింద మెత్తగా ఏదైనా వేయాలి.

మెట్లను తేనెమైనంతో నిలబెడతారు. గిటారు మెట్టు చెక్కలో కోసిన సన్నటి గాడిలోకి దిగిపోయి ఉంటుంది, జీవితకాలం కదలదు. స్వరం సరిచేయాలంటే బ్రిడ్జి దగ్గర సాడిల్‌ను జరపడమే దారి. మైనం మీది మెట్టును మాత్రం వెచ్చచేసి వెంట్రుకవాసి జరుపుకోవచ్చు. వాయించేవాడి గొంతుకూ పాటకూ సరిపోయేట్టు వాద్యాన్ని దిద్దుకోవచ్చు. దీనికి ఎండ శత్రువు. తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల దగ్గరే అయినా, అంతకు చాలా ముందే మెత్తబడి తంతి ఒత్తిడికి మెట్టు ఒరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కిన్నెరను రేకుల కింద, బండి మీద ఎండలో ఉంచకూడదు.

పూర్వం మెట్లకు అలుగు అనే అడవి జంతువు పెంకులు వాడేవారు. అలుగు ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టం కింద అత్యంత రక్షణలో ఉంది. పెంకు దగ్గర ఉంచుకున్నా నేరమే. బ్రెజిల్ రోజ్‌వుడ్ పోయి జిట్రేగి వచ్చినట్టే ఇక్కడా వేరే వస్తువుకు మారాలి. కొత్తగా చేయించేవాళ్ళు గట్టి ఫైబర్‌తో గానీ ఇత్తడితో గానీ ప్రయత్నించవచ్చు. ఇత్తడి బరువు కాబట్టి పలుచగా తీసుకోవాలి, మైనం దిమ్మ కాస్త వెడల్పుగా పెట్టాలి.

మైనం మాట వచ్చింది కాబట్టి అమెరికా రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ గిటారు ఫ్రాంకెన్‌స్టీన్ గురించి ఇక్కడే చెప్పాలి. ఫ్యాక్టరీలో లోపం ఉందని పక్కన పెట్టిన ఒళ్ళు 50 డాలర్లకు, నెక్ 80 డాలర్లకు కొని తానే బిగించుకున్న గిటారు అది. పాత గిబ్సన్ నుంచి తీసిన పికప్ పెద్ద శబ్దానికి కూతపెట్టేది. పికప్ లోపల సన్నని రాగితీగ వేల చుట్లు ఉంటుంది. చుట్లు వదులైతే స్పీకరు శబ్దానికి అవే వణికి కూత పుట్టిస్తాయి. ఎడ్డీ దాన్ని కరిగిన పారఫిన్ మైనంలో ముంచాడు. చుట్ల మధ్య మైనం దిగి గట్టిపడగానే కూత ఆగింది. మైనం వేడి ఎక్కువై ఆయన చేతిలో కొన్ని పికప్‌లు కరిగిపోయాయి కూడా.

ఆ పని ఇంట్లో చేసుకోవాలంటే నాలుగు పాళ్ళు పారఫిన్‌కు ఒక పాలు తేనెమైనం కలపాలి. ఉత్త పారఫిన్ చల్లారాక పెళుసుగా పగులుతుంది, తేనెమైనం దానికి సాగుడునిస్తుంది. నీళ్ళగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. మైనం ఆవిరికి మంట అంటుకుంటుంది కాబట్టి నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, కరెంటు స్టవ్వయితే మేలు. థర్మామీటరు 65 చూపించాలి. 70 దాటితే తీగ చుట్టిన ప్లాస్టిక్ బాబిన్ వంకరపోతుంది. పికప్‌ను వైరుతో వేలాడదీసి ముంచితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా, సుమారు పావుగంట, ఉంచి తీసి వేడిగా ఉండగానే పైమైనం గుడ్డతో తుడిచేయాలి. అడవి తేనెమైనమైతే ముందు వడకట్టాలి, అందులో పుల్లలూ రెక్కలూ ఉంటాయి.

మంగళవారం – మహబూబ్‌నగర్

పిల్లలమర్రి చూసి నేరుగా పనికి. ఈ రోజు వచ్చినవి ఎక్కువగా ఎలక్ట్రిక్ గిటార్లు. అన్నిటికీ అడిగింది ఒకటే, తంతులు ఎత్తుగా ఉన్నాయి, వేళ్ళు నొస్తున్నాయి అని.

మొదటి మెట్టు మీద కేపో (తంతులన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెట్టి, చివరి మెట్టు దగ్గర వేలితో నొక్కి, ఏడో మెట్టు దగ్గర తంతికీ మెట్టుకూ మధ్య సందు చూడాలి. 0.2 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉంటే సరి, అంటే విజిటింగ్ కార్డు తగిలీ తగలనట్టు దూరాలి. ఎక్కువుంటే నెక్ కడ్డీ నట్టును కుడివైపుకు పావు చుట్టు బిగించి, మళ్ళీ శ్రుతి చేసి, కాసేపాగి చూడాలి. ఒకేసారి ఒక చుట్టు తిప్పితే కడ్డీ తెగిపోవచ్చు. తెగితే నెక్ విప్పడం తప్ప దారి లేదు. నట్టు బిగుసుకుపోతే బలవంతం చేయొద్దు.

సెకండ్‌హ్యాండ్ విడిభాగాలు కలిపి బిగించిన గిటారు తెచ్చినవాళ్ళు కాస్త సిగ్గుపడుతూ చూపించారు. సిగ్గెందుకు? ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ గిటారు బ్లాకీ పుట్టిందే అలా. 1970లో నాష్‌విల్‌లో ఒకే దుకాణంలో ఆరు పాత స్ట్రాటోకాస్టర్లు (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్లు) కొని, తోటి సంగీతకారుల్లో జార్జ్ హారిసన్‌కు ఒకటి, పీట్ టౌన్‌షెండ్‌కు ఒకటి, స్టీవ్ విన్‌వుడ్‌కు ఒకటి ఇచ్చేసి, మిగిలిన మూడింటిలోని మంచి భాగాలతో ఒకటి చేసుకున్నాడు. 2004లో క్రిస్టీస్ వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది. డబ్బు ఆయన పెట్టిన వ్యసన విముక్తి కేంద్రానికి వెళ్ళింది. ఫెండర్ కంపెనీ 2006లో ఆ గిటారును ఒంటి మీది గీతలతో సహా కొలిచి 275 నకళ్ళు చేసింది.

చెమటకు మెట్లు పచ్చబారినవి కూడా కొన్ని వచ్చాయి. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలఘర్ 1961 నాటి స్ట్రాటోకాస్టర్ రంగంతా ఆయన చెమటకే ఊడిపోయిందంటారు. వాయించాక తంతుల కింద వైపు కూడా పొడిగుడ్డతో తుడవాలి. అరనిమిషం పని.

బుధవారం – నారాయణపేట, దామరగిద్ద

నారాయణపేట దాటి దామరగిద్ద. తెలుగు, కన్నడ రెండూ వినిపించే సరిహద్దు ఇది. 2024లో పద్మశ్రీ అందుకున్న బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పది ఈ ఊరు. బుర్ర, వెదురు, తంతులు – ఇంతే సామాను. వంశపారంపర్యంగా వచ్చిన వాద్యం. వాయించేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

బ్లాకీకి 275 నకళ్ళు చేయగలిగారంటే దాని ప్రతి కొలతా కాగితం మీద ఉండబట్టే. బుర్రవీణకు, కిన్నెరకు అదే జరగాలి. దీనికి ఫ్యాక్టరీ అవసరం లేదు. కళాకారుడు ఒప్పుకుంటే, ఆయన ఇంటి నీడలో ఒక పూట చాలు.

వాద్యాన్ని దుప్పటి మీద పడుకోబెట్టి, పక్కన స్టీలు స్కేలు పెట్టి, పైనుంచీ రెండు పక్కలనుంచీ వెనకనుంచీ ఫొటోలు తీయాలి. ఫోను బాగా దగ్గర పెడితే అంచులు వంగి కొలత తప్పుతుంది, రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. తంతి ఆనే పైకొస నుంచి కింది కొసకు పొడవు, మెట్లుంటే ఒక్కొక్క మెట్టు దూరం పైకొస నుంచే కొలవాలి. బొంగు చుట్టుకొలత రెండు కొసల్లోనూ మధ్యలోనూ దారంతో కొలిచి దారాన్ని స్కేలు మీద పెట్టాలి. బుర్ర చుట్టుకొలత, ఎత్తు, మూతి వెడల్పు. గోడ మందం కోసం బుర్రను విప్పించకూడదు, మూతి అంచు దగ్గర కొలిస్తే సరిపోతుంది. తంతి మందం మైక్రోమీటరుతో మూడు చోట్ల చూడాలి, వాయించేచోట అరిగి తక్కువ చూపిస్తుంది కాబట్టి కొస దగ్గర వచ్చిన అంకెను రాసుకోవాలి. కళాకారుడు తన పాటకు శ్రుతి చేసుకున్నాక ఒక్కొక్క తంతినీ విడిగా మీటించి రికార్డు చేయాలి, ట్యూనర్ చూపించిన అంకెను హెర్ట్జ్‌లో రాయాలి. మనమే ముందు శ్రుతి చేసి ఇవ్వకూడదు, ఆయన శ్రుతి మనకు కావాలి. మైనం ఉంటే అందులో ఏమేం కలిపారో, ఏ నెలలో పెడతారో ఆయన మాటల్లోనే రికార్డు చేయాలి. ఆ రోజు వేడి ఎంత, గాలిలో తేమ ఎంత అన్నదీ పక్కన రాయాలి. వెదురు, బుర్ర రెండూ వానాకాలంలో ఉబ్బుతాయి, ఏప్రిల్ కొలతలు ఆగస్టులో సరిపోవు. అందుకని వానలు పడ్డాక అదే వాద్యాన్ని అదే వరసలో ఇంకోసారి కొలవాలి.